చాందా కోట చుట్టూ పిల్లలతో ఆదివారాలు: మంచి అలవాటా, పిచ్చా?

జట్‌పురా నాన్న
అందరికీ నమస్కారం. మాది పెద్దపల్లి వైపు. ఉద్యోగం మీద రెండేళ్ల కింద మహారాష్ట్రలోని చంద్రపూర్ వచ్చాం, పాత పేరు చాందా. జట్‌పురా గేటుకి పది నిమిషాల నడకలో అద్దెకుంటున్నాం. పాపకి ఐదేళ్లు, బాబుకి పది నెలలు.

దసరా నుంచి ఓ అలవాటు పెట్టుకున్నాం. ఆదివారం పొద్దున ఆరున్నరకి స్కూటీ తీసి, కోటగోడలో ఏదో ఒక ముక్క చూసి, దార్లో తర్రీ పోహా తిని, తొమ్మిదికల్లా ఇంటికొచ్చేస్తాం. గోడ మొత్తం సుమారు 11 కిలోమీటర్లంటారు, కాబట్టి తొందరేం లేదు. గేట్ల మీద చెక్కిన ఏనుగుల్ని, సింహాల్ని లెక్కపెట్టడం పాప డ్యూటీ. సింహం చిన్నదైతే "ఇది పిల్ల, లెక్కలోకి రాదు" అంటుంది.

ఈ ఆదివారం ఇంట్లో గొడవైంది. ఊర్నుంచి వచ్చిన మా అమ్మకి ఫోటోలు చూపిస్తుంటే పాప గబగబా "నానమ్మా, ఇది మసాన్ ఖిడ్కీ, చచ్చిపోయినోళ్లని ఇందులోంచే తీసుకుపోయేటోళ్లట" అని చెప్పేసింది. ఖిడ్కీ అంటే కోటగోడలోని చిన్న ద్వారం. అంతే. అమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఇద్దరికీ దిష్టి తీసింది, బాబుకి రెండుసార్లు. సాయంత్రం మా బావమరిది ఫోన్ చేసి, "పిల్లల్ని తిప్పడానికి పాడుబడ్డ గోడలే దొరికాయా బావా, నాగపూర్‌లో మాల్స్ లేవా?" అన్నాడు.

నిజంగానే అడుగుతున్నా. ఇంత చిన్నపిల్లలతో ఇలా తిరగడం తప్పా?

సిరోంచ పిల్ల
మాల్‌లో ఏసీ ఉంటుంది అన్నా, అంతే తేడా 😄

బొగ్గుగని బాబాయ్
తప్పే తమ్ముడూ. మొహమాటం లేకుండా చెబుతున్నా. గోడ మీద రాళ్లు కదులుతుంటాయి, వానాకాలం పొదల్లో పాములుంటాయి. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటుతుంది, పది నెలల పిల్లాడు తట్టుకుంటాడా? నేను 1984లో ఈ ఊరొచ్చాను. ఒక్కసారి కూడా ఆ గోడ ఎక్కలేదు, నాకేం తక్కువ కాలేదు. పిల్లలకి చరిత్ర చూపించాలని ఉంటే మీ పెద్దపల్లి నుంచి ఓరుగల్లు ఎంత దూరం? అక్కడికి తీసుకెళ్లు. అది మనది.

రాజురా మాస్టారు
చర్చ ముందుకెళ్లేలోపు ఒక మాట. కోటకి గేట్లు నాలుగు: ఉత్తరాన జట్‌పురా, తూర్పున అంచలేశ్వర్, దక్షిణాన పఠాన్‌పురా, పడమర బింబా. ఖిడ్కీలు ఐదు: బగడ్, హనుమాన్, విఠోబా, చోర్, మసాన్. చాలామంది ఖిడ్కీలు నాలుగే అని రాస్తుంటారు. మసాన్ ఖిడ్కీని లెక్కలోంచి తీసేస్తారు, బహుశా మీ అమ్మగారిలాంటి వాళ్ల భయంతోనే.

కాగజ్‌నగర్ ప్యాసింజర్
మా మరదలు చాందా ఫోర్ట్ స్టేషన్లో దిగి, బయటికొచ్చి "కోటేది?" అని ఆటోవాణ్ని అడిగింది. వాడు నవ్వి వంద రూపాయలన్నాడు.

బల్లార్షా కోడలు
బాబాయ్, పాములూ రాళ్లూ అన్నారు, ఒప్పుకుంటాను. కానీ 2017 మార్చి నుంచి ఇకో-ప్రో అనే స్వచ్ఛంద సంస్థ పిల్లలు నెలల తరబడి పొద్దున్నే వచ్చి ఆ గోడ మీది పొదలు కొట్టారు, చెత్త ఎత్తారు. గోడ మీద నడవడానికి దారంటూ వచ్చింది అప్పుడే. మీరు 84లో చూసిన గోడ కాదది.

జట్‌పురా నాన్నా, మానకండి. మీ పాపకి కుందేలు కథ చెప్పారా?

జట్‌పురా నాన్న
ఏ కథ అక్కా?

బల్లార్షా కోడలు
ఖాండక్యా బల్లాళ్ షా అని గోండు రాజు. ఒళ్లంతా గడ్డలు. వేటకెళ్లి దాహమేసి, ఎండిన ఝర్‌పట్ వాగులో ఒక గుంటలో ఉన్న కాసిని నీళ్లతో మొహం, కాళ్లూ చేతులూ కడుక్కుని పడుకున్నాడట. లేచేసరికి గడ్డలు తగ్గాయి. ఆ తర్వాత ఒకరోజు అక్కడే ఓ కుందేలు రాజుగారి వేటకుక్కని తరిమింది. కుక్క కుందేల్ని కాదు, కుందేలే కుక్కని! దాని నుదుటి మీద తెల్లమచ్చ. ఆ రెండూ వంకరటింకరగా పరిగెత్తిన దారినే గోడ కట్టమని రాణి చెప్పిందట. మా వాడికి ఈ కథ చెప్పినప్పటి నుంచి గోడ ఎక్కడ వంపు తిరిగినా "ఇక్కడ కుందేలు బ్రేకేసింది" అంటాడు.

రాజురా మాస్టారు
ఇదే కథ హంపీకి కూడా చెబుతారు. అక్కడా కుందేలు వేటకుక్కల మీద తిరగబడుతుంది. పిల్లలకి చెప్పేటప్పుడు చరిత్ర వేరు, కథ వేరు అని చెప్పాలి. గోడ ఒక్క రాజు చేతిమీదుగా పూర్తయింది కూడా కాదు. బల్లాళ్ షా మొదలుపెడితే ముగిసింది ధుండ్యా రామ్ షా కాలంలో.

సిరోంచ పిల్ల
సార్, ఐదేళ్ల పాపకి ధుండ్యా రామ్ షా ఎందుకు సార్

బొగ్గుగని బాబాయ్
చూశారా, కుందేలు ఎవరిదో తేల్చుకోలేకపోతున్నారు. నేనడిగింది ఒకటే, జవాబు రాలేదు: ఓరుగల్లు ఉండగా ఇదెందుకు? పిల్లలకి ముందు తమదేదో తెలియాలి కదా. కాకతీయుల కళాతోరణం చూడని పిల్లలు గోండు రాజుల సింహాలు లెక్కపెడుతున్నారు.

జట్‌పురా నాన్న
ఓరుగల్లు చూపించాం బాబాయ్, మొన్న సంక్రాంతికి. పాప అక్కడ కూడా "ఇక్కడ ఖిడ్కీలు ఎన్ని?" అని అడిగింది.

బల్లార్షా కోడలు
"తమది" అంటే ఏంటి బాబాయ్? నా సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. కరీంనగర్ నుంచి ఈ ఇంటికొచ్చి పదకొండేళ్లు. మా మామగారి నాన్న పేపర్ మిల్లు పనికి వచ్చారు. మా వాడితో ఇక్కడ నాలుగో తరం. అయినా బడికి నాలుగు రోజులు సెలవిస్తే చాలు, రైలెక్కి తెలంగాణ. పెళ్లి, పురుడు, బోనాలు, అన్నీ అక్కడే. పదేళ్లలో నేను చాందాలో చూసింది మూడు: స్టేషను, కూరగాయల మార్కెట్టు, మహాకాళి గుడి. గుడి కూడా ఎందుకంటే చైత్రం జాతరకి మా అమ్మ వాళ్లు వస్తారు కాబట్టి. ఓసారి అమ్మే అడిగింది, "రాజుల సమాధులు ఉన్నాయట కదే, ఎక్కడ?" అని. అంచలేశ్వర్ గేటు దగ్గర. ఎన్నిసార్లు దాటిపోయానో! బీర్ షా కోసం రాణి హిరాయి కట్టించిన సమాధి అక్కడే ఉందని నాకే తెలియదు. సిగ్గేసింది. పోయినేడు నుంచే పిల్లాణ్ణి తీసుకుని తిరగడం మొదలెట్టాను. మా ఇంట్లో దానికి పెట్టిన పేరు "కోడలి షికారు".

వరోరా వేపచెట్టు
అక్కా, మా ఇంట్లో కూడా సేమ్ 🙏

రాజురా మాస్టారు
బల్లార్‌పూర్ కోట కూడా చూడండి, వార్ధా ఒడ్డున. చాందా కంటే ముందు గోండు రాజధాని అదే. ఖిడ్కీల విషయంలో నా మాట ఎవరూ కాదనలేదు కాబట్టి ఐదు అని ఖాయం చేసుకుంటున్నాను.

బొగ్గుగని బాబాయ్
నాలుగో తరం, నాలుగో తరం అంటావు కదమ్మా, ఏదైనా ఆఫీసుకి వెళ్లి ఆ మాట చెప్పి చూడు. ఇప్పుడు నేను నా సంగతి చెబుతాను.

మా వాడు ఇక్కడే పుట్టాడు, మరాఠీ మీడియంలో చదివాడు. శివాజీ జయంతికి తలపాగా చుట్టుకుని డాన్స్ చేశాడు. ఇంజినీరింగ్ కోసం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సీటుకి వెళ్తే, అక్కడ చదవలేదు కాబట్టి నాన్-లోకల్ అన్నారు. సరే అని ఇక్కడ బీసీ సర్టిఫికెట్‌కి వెళ్తే, 1967 అక్టోబర్ ముందు నుంచి మీ కుటుంబం ఇక్కడున్నట్టు కాగితం తెమ్మన్నారు. 67లో మా నాన్న కరీంనగర్లో ఎద్దులు తోలుతున్నాడు. ఏ కాగితం తేవాలి? పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఆ మెట్ల మీద కూర్చుని, "నాన్నా, మరి మనం ఏ ఊరోళ్లం?" అన్నాడు. ఏం చెప్పమంటారు?

గోడలు చూపించి ప్రేమ పెంచుతున్నారు. రేపు ఆ గోడ సంతకం పెడుతుందా?

సిరోంచ పిల్ల
...

బల్లార్షా కోడలు
అంటే మీ కోపం గోడ మీద కాదన్నమాట.

బొగ్గుగని బాబాయ్
వెటకారం వద్దు.

బల్లార్షా కోడలు
వెటకారం కాదు బాబాయ్, ఒట్టు. సర్టిఫికెట్ సంగతి మా ఆయనకీ జరిగింది. కానీ మా వాణ్ణి కరీంనగర్ తీసుకెళ్తే అక్కడి పిల్లలు "మరాఠోడు" అంటారు, ఇక్కడ బడిలో "తేలంగీ" అంటారు. ఎక్కడా వాడిది కాదనే చెబుతున్నారు అందరూ. కనీసం పొద్దునపూట నడిచిన దారైనా వాడిది అనుకోనీయండి. దానికి కాగితం అడిగేవాడు లేడు.

కాగజ్‌నగర్ ప్యాసింజర్
ఇద్దరూ కరెక్టే అనిపిస్తోంది, టీ తాగొస్తా.

వరోరా వేపచెట్టు
మనం అడిగిన ప్రశ్న దిష్టి గురించి అనుకుంటా 🤔

జట్‌పురా అమ్మ
నేను ఈయన భార్యని, ఇప్పుడే ఖాతా తెరిచాను. మసాన్ ఖిడ్కీకి వెళ్దామన్నది నేనే, ఆయన కాదు. ఆ సంగతి అత్తమ్మకి ఇంకా తెలియదు, దయచేసి ఎవరూ చెప్పకండి. దిష్టి తీశాక బాబు ఆ రాత్రి హాయిగా పడుకున్న మాట మాత్రం నిజం.

రాజురా మాస్టారు
బొగ్గుగని బాబాయ్ గారూ, మీరు ఏ గనిలో చేశారు? లాల్‌పేటలోనా?

బొగ్గుగని బాబాయ్
లాల్‌పేటే. ముప్ఫై ఏళ్లు. ఎందుకు?

రాజురా మాస్టారు
అయితే ఆ పెద్ద రాతి విగ్రహాలు మీ దారిలోనివే కదా. రాయప్ప అనే కోమటి షావుకారు గుడి కట్టిద్దామని చెక్కించాడట. గుడి లేవకముందే పోయాడు, బొమ్మలు అలా ఆరుబయటే ఉండిపోయాయి.

బల్లార్షా కోడలు
రాయప్ప! పేరు వింటే మన వైపు వాడిలాగే ఉన్నాడు. ఆయన్ని 67 కాగితం అడిగారో లేదో 😅

బొగ్గుగని బాబాయ్
షిఫ్టు దిగి సైకిల్ మీద వస్తుంటే కనిపించేవి. పది తలలది ఒకటుంది, రావణుడు. పొద్దున షిఫ్టుకి దాని మొహాల్లో సగం వెలుగు, సగం చీకటి. మా వాడు చిన్నప్పుడు చూపించమని అడిగాడు. ఆదివారం వస్తే నాకు నిద్ర, లేదంటే ఊరి బస్సు. చూపించలేదు.

జట్‌పురా నాన్న
బాబాయ్, ఈ ఆదివారం లాల్‌పేటే వెళ్తాం. ఎన్నింటికి వెళ్తే బాగుంటుంది? మీరూ రండి.

బొగ్గుగని బాబాయ్
ఏడులోపు వెళ్లండి, తర్వాత నీడ ఉండదు. పిల్లాడికి టోపీ పెట్టండి. తాగే నీళ్లు మీరే తీసుకెళ్లండి. నేను రాను, మోకాళ్లు. గోడల విషయంలో నా మాట నాదే.

రాజురా మాస్టారు
ఒక చిన్న సవరణ. పది తలలున్నది రావణుడు కాదు. జనం అలా అంటారు గాని, అది దుర్గ.

బొగ్గుగని బాబాయ్
మాస్టారూ, ముప్ఫై ఏళ్లు రోజూ చూసినవాణ్ణి నేను. రావణుడే.