అరవై దాటిన గే పురుషుడు షోకుగా ముస్తాబు కావడం మన ఊళ్లలో తగునా?

పెన్న ఒడ్డు, కడప:

చర్చకు పెడుతున్న ప్రశ్న ఇది. అరవై దాటిన గే పురుషుడు కడప, కర్నూలు, అనంతపురం లాంటి ఊళ్లలో షోకుగా, అంటే రంగు, కుట్టు, అమరిక అన్నీ చూసుకుని మరీ ముస్తాబై బయటికి రావడం తగినదేనా? లేక ఆ వయసులో ఎవరి కంటా పడకుండా తెల్లచొక్కాలో ఒదిగి ఉండడమే వివేకమా? ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు కనుక సందర్భం కూడా చెబుతాను.

నా వయసు 63. డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసి నిరుడు పదవీ విరమణ చేశాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో మా చెల్లెలికి, ఇద్దరు మిత్రులకు మాత్రమే తెలుసు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను తొడుక్కున్నవి బూడిదరంగు ప్యాంట్లు, లేత నీలం చొక్కాలు, నల్లబూట్లు. అవి ఇష్టపడి కొన్నవి కావు. ఏ చొక్కా చేతిలోకి తీసుకున్నా అది నాకు నప్పుతుందా అని కాక, దీన్ని చూసి ఎవరికైనా అనుమానం వస్తుందా అనే ఆలోచించాను. 1996లో ఒకసారి మనసు ఆపుకోలేక వంకాయరంగు చొక్కా కుట్టించుకుని తరగతికి వెళ్లాను. స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి "ఏం సార్, ఇవాళ మరీ ఆడంగి వాలకంగా ఉన్నారే" అన్నాడు, తక్కినవాళ్లు నవ్వారు. ఆ చొక్కా మళ్లీ ట్రంకుపెట్టె దాటి బయటికి రాలేదు.

వచ్చే నెల ప్రొద్దుటూరులో మా మేనల్లుడి పెళ్లి. దానికోసం ఆవపువ్వు రంగు చేనేత గుడ్డతో కుర్తా, పైకి ముదురు గోధుమరంగు చేతుల్లేని కోటు కుట్టించుకున్నాను. చెల్లెలు చూసి, "బాగుంది గానీ అన్నా, ఏ వయసుకు ఆ ముచ్చట. పెళ్లికూతురోళ్ల ముందర నాకు మాట రానీయాకు" అంది. కోపంతో కాదు, భయంతో అంది. అందుకే నన్ను నేను సమర్థించుకోవడానికి కాకుండా, నిజంగా మీ అభిప్రాయం తెలుసుకోవడానికే అడుగుతున్నాను.

గడియార స్తంభం, అనంతపురం:

పెన్న ఒడ్డు గారూ, నాకు 58 ఏళ్లు, నేనూ గేనే. ఈ విషయంలో నేను మీ చెల్లెలి పక్షం. నా అభ్యంతరం ఆవపువ్వు రంగు మీద కాదు, మన ఊళ్లలో ఆ రంగుకు చెల్లించవలసి వచ్చే వెల మీద.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇష్టపూర్వకంగా దగ్గరయ్యే వయోజనుల మేరకు, మన సంబంధాలను నేరమన్న 377వ సెక్షన్ చెల్లదని తీర్పు చెప్పింది. ఆ రోజు నేను ఒంటరిగా ఇంట్లో కూర్చుని ఏడ్చాను. అయితే అదే న్యాయస్థానం 2013లో, అంతకు నాలుగేళ్ల ముందు ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఊరటను వెనక్కి తీసుకుంది. 2023 అక్టోబరు 17న మన పెళ్లిళ్లకు గుర్తింపు ఇవ్వడానికి నిరాకరించింది. అంటే ఇప్పుడు మనల్ని జైల్లో పెట్టరు, అంతవరకే. ఇల్లు అద్దెకిచ్చేవాడి గుమ్మం దాకా ఆ తీర్పు రాలేదు. నాలుగేళ్ల కిందట నేను ఎడమ చెవికి చిన్న పోగు పెట్టుకుని, పూల చొక్కాలు తొడగడం మొదలుపెట్టాను. మూడు నెలలు తిరక్కుండానే ఇంటి యజమాని వచ్చి, "మీరు మంచివారే సార్, కానీ ఇంట్లో మగపిల్లలు ఎదుగుతున్నారు" అని నెల గడువిచ్చి ఖాళీ చేయమన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో నన్ను అడగనవసరం లేదు. యాభై నాలుగేళ్ల ఒంటరి మగవాడికి రెండో ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఆ నెలలో తెలిసింది. చెవిపోగు తీసేశాను, ఆ రంధ్రం ఇప్పుడు పూడిపోయింది.

రెండో మాట. గే అంటేనే షోకిల్లా అన్న ముద్ర ఒకటి మన సినిమాలు వేసి పెట్టాయి. గులాబీ చొక్కా, మెలికలు తిరిగే నడక, దానికొక నవ్వు. మనలో పొలం దున్నేవాళ్లు, లారీ తోలేవాళ్లు, బట్టల సంగతే పట్టనివాళ్లు ఎంతోమంది ఉన్నారు. మనం ముస్తాబైన ప్రతిసారీ ఆ ముద్రకే బలం చేకూరుతుంది. షోకు మనవాళ్లను కాపాడిన దాఖలా కూడా లేదు. 1892లో లండన్‌లో ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్ తన నాటకం తొలి ప్రదర్శననాడు స్నేహితుల కోట్లకు ఆకుపచ్చ కార్నేషన్ పువ్వు పెట్టించాడు. మూడేళ్లు తిరిగేసరికి, 1895లో, మగవాళ్లతో సంబంధాలున్నాయని అదే నగరం ఆయనకు రెండేళ్ల కఠిన కారాగార శిక్ష వేసింది.

కాజా గుండీ, కర్నూలు:

నేను గే కాను, దర్జీని. కర్నూలు పాతబస్తీలో ముప్పై ఏళ్లుగా మగవాళ్ల బట్టలే కుడుతున్నాను. గడియార స్తంభం గారికి జరిగింది అన్యాయం. దాన్ని కాదనే అర్హత నాకు లేదు, నాకు తెలిసిన కుట్టు సంగతి మాత్రం చెబుతాను.

షోకు అనగానే అందరూ రంగు దగ్గరే ఆగిపోతారు. నిజానికి అరవై దాటిన మనిషిని చూడగానే మొదట కంటికి తగిలేది కొలత తప్పిన కుట్టు. ఆ వయసుకు భుజాలు ముందుకు వాలి, వీపు కాస్త గుండ్రమవుతుంది. దాంతో చొక్కా వెనకభాగం పైకి లేస్తుంది, ముందుభాగం కిందికి వేలాడుతుంది, కాలరు మెడ వెనక ఎడంగా నిలబడిపోతుంది. వీపు ముక్కకు ముప్పావు అంగుళం పొడవు కలిపి, ముందు ముక్కకు అంత తగ్గించి కోస్తే ఆ మనిషి నిటారుగా కనిపిస్తాడు. మెడ సన్నబడుతుంది కనుక కాలరులో ఒక వేలు పట్టాలి గానీ మూడు వేళ్లు పట్టకూడదు. పిరుదులు తరిగిపోతాయి కనుక ప్యాంటు వెనక కుట్టు లోపలికి తీసుకోకపోతే తొడల వెనక గుడ్డ సంచిలా జారుతుంది. ఇవన్నీ కప్పిపుచ్చుకోవడానికని చాలామంది పెద్దవాళ్లు రెండు సైజులు పెద్ద రెడీమేడ్ చొక్కా కొని, ఇంకా పెద్దవాళ్లయి కనిపిస్తారు. మన వేసవికి టెరికాటన్ వీపుకు అంటుకుపోతుంది కనుక నూలే మేలు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన జిల్లా మనది, నూలు గుడ్డకు దూరం వెళ్లనవసరం లేదు. అయితే కోసే ముందు ఆ గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే ముడుచుకుపోయి దర్జీకి చెడ్డపేరు తెస్తుంది.

ఇంకో సంగతి. నా దగ్గరికి వచ్చే కాంట్రాక్టర్లు, లారీల యజమానులు కత్తిలా నిలబడే గంజిచొక్కా, వేలి లావు బంగారు బ్రేస్‌లెట్, నల్లకళ్లద్దాలు, కిర్రుమనే చెప్పులు లేకుండా గడప దాటరు. చొక్కా జేబు అర అంగుళం దిగిందని తిప్పి పంపినవారున్నారు. వాళ్లలో డెబ్బై ఏళ్లవారూ ఉన్నారు. వాళ్లను ఎవరూ షోకిల్లాలని అనరు, దర్జాగా ఉన్నారంటారు. మగవాడు ముస్తాబు కావడం మన సీమకు కొత్త కాదు, ఎవరు ముస్తాబైతే ఏ మాట వాడాలన్నదే మనం తేడాగా చూస్తున్నాం.

కొన్నేళ్ల కిందట డెబ్బైకి దగ్గరపడ్డ ఒక పెద్దాయన వచ్చారు. మామూలుగా కొలతలు తీస్తుంటే మగవాళ్లు పొట్ట లోపలికి పీల్చుకుంటారు. ఆయన మాత్రం భుజాలు దగ్గరికి ముడుచుకుని నిలబడ్డారు, తక్కువ చోటు ఆక్రమించడం అలవాటైన మనిషిలాగా. అడిగింది తెల్లచొక్కానే. డబ్బు ఇచ్చేటప్పుడు జేబులోంచి జానెడు ఊదారంగు పట్టుగుడ్డ తీసి, కాలరు లోపలి పట్టీకి దాన్ని వేయమన్నారు, బయటికి మాత్రం కనబడకూడదన్నారు. ఎందుకని నేను అడగలేదు. ఆ చొక్కాకు పట్టిన శ్రద్ధ మరో చొక్కాకు పట్టలేదని ఇప్పుడు ఈ చర్చ చదివాక చెప్పాలనిపించింది.

ఉరవకొండ పిల్లోడు, ప్రస్తుతం బెంగళూరు:

నాకు 26 ఏళ్లు. పెన్న ఒడ్డు సార్, మీరు ఆ కుర్తా తప్పకుండా వేసుకోండి. మా ఊళ్లో పెరిగినన్నాళ్లూ వయసు పైబడిన గే మనిషిని ఒక్కరినైనా చూడలేదు కనుక, మనవాళ్లు ముసలివాళ్లు కాకముందే పోతారేమో అని పదిహేడేళ్ల వయసులో నిజంగానే అనుకున్నాను. తర్వాత ఇంటర్నెట్‌లో వెతికి చూశాను. 1937లో పుట్టిన ఆంగ్ల చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2022లో, 85 ఏళ్ల వయసులో, బ్రిటన్ రాజు ఇచ్చిన విందుకు గళ్ల సూటు కింద పసుపురంగు క్రాక్స్ చెప్పులు తొడుక్కుని వెళ్లారు. మన దేశంలో గోవా డిజైనర్ వెండెల్ రోడ్రిక్స్ తన భాగస్వామితో బంధాన్ని 2002లోనే ఫ్రెంచి చట్టం కింద నమోదు చేసుకుని, దాన్ని దాచకుండానే 2014లో పద్మశ్రీ అందుకున్నారు. వాళ్ల బట్టలు నాకు ముఖ్యం కాదు, హాక్నీ ఆ వయసు దాకా బతికి ఉండడం, రోడ్రిక్స్ దాచుకోకుండా బతకడం ముఖ్యం. గడియార స్తంభం సార్, జాగ్రత్త కోసం సాదాగా ఉంటానంటే నేను ఒప్పుకుంటాను, కానీ దాన్ని అందరికీ వర్తించే మర్యాదగా చెప్పవద్దని మనవి.

గడియార స్తంభం, అనంతపురం:

బాబూ, నువ్వు చెప్పిన ఇద్దరూ పేరున్నవారు, వాళ్లను ఖాళీ చేయమనగల ఇంటి యజమాని లేడు. సొంత ఇంటివాడి షోకు, అద్దె ఇంటివాడి షోకు ఒకటి కావు. పెన్న ఒడ్డు గారిని సూటిగా అడుగుతున్నాను, మీరుంటున్నది సొంత ఇల్లేనా?

పెన్న ఒడ్డు, కడప:

సొంత ఇల్లే, పింఛనూ వస్తుంది. ఇది సరైన ప్రశ్న, నేను మొదట్లోనే చెప్పి ఉండవలసింది. ఆ రెండూ లేకపోతే నేను ఈ కుర్తా కుట్టించుకునేవాడిని కానేమో. కాబట్టి మీ చెవిపోగు తీసేసినందుకు మిమ్మల్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆ ఇంటి యజమాని చేసిన పనికి మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అయితే ముద్ర గురించిన మీ వాదనను ఒప్పుకోలేకపోతున్నాను. షోకుగా ఉంటే సినిమా ముద్రకు బలం చేకూరుతుందని మీరంటున్నారు. ఆ ముద్రకు జడిసే కదా నేను ముప్పై నాలుగేళ్లు బూడిదరంగులో గడిపింది! నా బీరువాలోని ప్రతి చొక్కానూ ఆ ముద్రే ఎంచి పెట్టింది, నేను ఎంచుకున్నది ఒక్కటీ లేదు. దానికి లొంగి సాదాగా ఉన్నా, దానికి ఎదురు తిరిగి ఆర్భాటం చేసినా, బట్టలు ఎంచేది అదే అవుతుంది. నాకిప్పుడు కావలసింది ఏ గుడ్డ నా ఒంటికి హాయిగా ఉంది, ఏ రంగు నా నెరిసిన జుట్టు పక్కన నిలుస్తుంది అని తీరికగా చూసుకోవడం. పడుచువాడిలా కనబడాలన్న కోరిక లేదు. ఇరవై ఏళ్లుగా వేసుకుంటున్న నల్లరంగును జుట్టుకు మానేసి ఆరు నెలలైంది, తెల్లజుట్టుకు ఆవపువ్వు రంగు ఇంతగా అమరుతుందని అద్దంలో చూసుకునేదాకా తెలియలేదు. పెద్ద దర్గా దగ్గర కొన్న ఖస్ (వట్టివేరు) అత్తరు మణికట్టుకు ఒక చుక్క రాసుకుంటున్నాను. ఇన్నేళ్లూ ఆ దుకాణం ముందు నుంచే నడిచాను, ఒక్కసారీ ఆగలేదు.

నిన్న రాత్రి చెల్లెలితో మాట్లాడాను. ముహూర్తానికి మేనమామ హోదాలో ధర్మవరం పట్టుపంచె కట్టుకుంటాను, సాయంత్రం విందుకు కుర్తా వేసుకుంటాను అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కోటుకున్న మూడో గుండీ వదులుగా ఉందని తనే సూదీ దారం తెచ్చుకుని బిగించింది. ఒప్పుకున్నట్టో కాదో నేను అడగలేదు.

కాజా గుండీ గారూ, మీకొక ప్రశ్న. ఆ 1996 నాటి వంకాయరంగు చొక్కా ఇంకా పెట్టెలోనే ఉంది. అప్పటికీ ఇప్పటికీ పొట్ట పెరిగింది, భుజాలు వాలాయి. దాన్ని బాగుచేసి వేసుకోవచ్చునా?

కాజా గుండీ, కర్నూలు:

అన్నేళ్లు మడతలో ఉన్న గుడ్డ మడతల దగ్గర వెలిసి ఉంటుంది, ముందు దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. పోగులు పలచబడకపోతే చంకల కింద నుంచి రెండు పక్కలా రెండేసి అంగుళాల పట్టీ వేసి వెడల్పు చేయవచ్చు. పలచబడి ఉంటే చొక్కాగా నిలబడదు, కానీ వీపు ముక్కలో బాగున్న గుడ్డ తీసి కొత్త తెల్లచొక్కాకు కాలరుగా, చేతుల పట్టీలుగా పైకి కనబడేలా వేయగలను. ఏది చేయాలన్నా కొలతలు మళ్లీ తీసుకోవాలి కనుక ఒకసారి కర్నూలు రండి. కొలత తీసేటప్పుడు భుజాలు ముడుచుకోకుండా నిలబడండి.