ఎన్‌హెచ్‌ఎస్‌లో (బ్రిటన్ ప్రభుత్వ వైద్యం) పిల్లల పళ్ల క్లిప్పులు: 9 ఏళ్లకే రెఫరల్ (క్లిప్పుల డాక్టరుకి సిఫారసు) పంపడం తప్పా? లెస్టర్, రీడింగ్, హారో, లీడ్స్‌లో ఉంటున్న తెలుగువాళ్ల మాటలు

లెస్టర్ అమ్మ: మా పాపకి 12. డెంటిస్టు రెఫరల్ రాసి 14 నెలలైనా మొదటి అపాయింట్‌మెంట్ రాలేదు. 18 లోపు అర్హత ఉంటే ఉచితమే, కానీ వంతు రావాలి కదా! నా మాట వినండి, 9 ఏళ్లకే అడిగి పంపించేయండి.

రీడింగ్ నాన్న: దయచేసి అలా చేయకండి. పాలపళ్లు ఊడకముందే పంపితే చాలామందిని చూసి వెనక్కి పంపేస్తారు. ఆ అపాయింట్‌మెంట్ ఇంకో పిల్లాడికి అందేది. మా వాడికి ఎత్తుపళ్లు, కింది పళ్లకంటే 7 మిల్లీమీటర్లు ముందుకి. 6 దాటితే ఐఓటీఎన్ (చికిత్స ఎంత అవసరమో 1 నుంచి 5 గ్రేడుల్లో చెప్పే కొలత)లో 4వ గ్రేడు, అర్హత ఉన్నట్టే. ట్విన్ బ్లాక్ (కింది దవడని ముందుకి తెచ్చే, తీసి పెట్టుకునే పరికరం) ఎదిగే వయసులోనే బాగా పనిచేస్తుంది. వంతు వచ్చేసరికి వాడికి 15న్నర. పళ్లు తీసి క్లిప్పులు వేస్తామన్నారు.

హారో అక్క: మేం విసిగిపోయి సెలవుల్లో హైదరాబాద్‌లో వేయించాం.

లీడ్స్ బాబాయ్: మరి ఇక్కడ బిగించింది ఎవరమ్మా?

హారో అక్క: ఇక్కడ ఎవర్నడిగినా ముట్టుకోం అన్నారు. తీగ ఊడి బుగ్గలో గుచ్చుకుంటే మైనం ముద్ద అంటించి 10 రోజులు నెట్టాం.

లెస్టర్ అమ్మ: రీడింగ్ గారూ, మీ మిల్లీమీటర్లు కాసేపు ఆపండి. మొన్న పుట్టినరోజుకి వీడియో తీస్తుంటే మా పాప అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కొవ్వొత్తులు ఆర్పింది. దీన్ని ఏ స్కేలుతో కొలుస్తారు?

రీడింగ్ నాన్న: కొలత లేకపోతే ఎవరిని ముందు పిలవాలండీ? పాప గ్రేడు ఎంతన్నారు? ఇంతవరకు చెప్పలేదు మీరు.

లెస్టర్ అమ్మ: 3 అన్నారు. సరేనా? 3వ గ్రేడు వాళ్ల పళ్లని 10 ఫోటోల వరసతో పోల్చి చూస్తారట, 1 చక్కని పళ్లు, 10 బాగా వంకరవి. 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తేనే ఉచితం. 5 వస్తే? ప్రైవేటులో వేలల్లో పౌండ్లు. మాది ఒక్క జీతం. ఏడాది పైన ఎదురు చూసి చివరికి కాదనిపించుకోవాలా?

రీడింగ్ నాన్న: బాధ అర్థమైంది. కానీ 2006 నుంచి ఇంగ్లండ్‌లో ఆర్థోడాంటిస్టుకి (క్లిప్పుల డాక్టరు) ఏడాదికి ఇన్ని యూనిట్ల పని అని ఒప్పందం. అర్హత గీత జరిపితే నమలలేని పిల్లలు ఇంకా వెనక్కి పోతారు.

లెస్టర్ అమ్మ: నవ్వలేకపోవడం అవసరం కిందకి రాదంటారు, అంతేగా! అక్కడే మీతో నాకు కుదరదు.

రీడింగ్ నాన్న: రాదనలేదు. తర్వాత వస్తుందన్నాను.

లీడ్స్ బాబాయ్: ఇద్దరూ కాస్త ఆగండి. కోరపన్ను 10 ఏళ్లు దాటినా చిగురులో చేతికి తగలకపోతే మాత్రం త్వరగా చూపించాల్సిందే. అమ్మా, ఆ రెఫరల్ అసలు చేరిందో లేదో కనుక్కున్నావా? మాది 8 నెలలు డెంటిస్టు దగ్గరే ఉండిపోయింది.

లెస్టర్ అమ్మ: లేదు బాబాయ్ గారూ. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను.

రీడింగ్ నాన్న: తప్పకుండా చేయండి. 9 ఏళ్లకి మాత్రం ఎవరూ ఊరికే పంపకండి.