గండికోట ఎరుపు: గువాష్‌లో తెలుపు కలపాలా, వద్దా?

పెన్నా_గీతలు (కడప):
గండికోట లోయ బొమ్మ గువాష్‌లో (నీళ్ళతో కలిపి, కింద రంగును కప్పేలా వేసే రంగు) వేస్తున్నాను. సాయంత్రం ఎండ పడినప్పుడు బండల అంచులకు ఒక లేత ఎరుపు వస్తుంది కదా, అది కావాలి నాకు. రెడ్ ఆక్సైడ్‌లో టైటానియం వైట్ కలిపి వేశాను. తడి మీద చూస్తే అచ్చం బండే. ఆరినాక చూస్తే పాలిపోయిన గులాబీ రంగు, పైగా కలిపినదానికంటే ఒక మెట్టు ముదురు. పక్కనే నీడకు పెట్టిన ముదురు గోధుమరంగేమో ఆరి తేలిపోయింది. లేతది ముదిరింది, ముదురుది లేతబడింది, ఎండకూ నీడకూ తేడానే లేకుండా పోయింది. తెలుపు మానేయాలా? మానేస్తే ఈ ఎరుపును లేత చేసేదెట్లా?

హంద్రీ_మాస్టర్ (కర్నూలు):
తెలుపు మానేయండమ్మా. హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లల బొమ్మలు ఎక్కువగా చెడేది ఈ తెలుపు దగ్గరే. టైటానియం వైట్‌కు బలం చాలా ఎక్కువ, చల్లటి రంగు కూడా. ఎర్రమట్టి రంగులో పడగానే దాని వెచ్చదనాన్ని తినేస్తుంది. లేత చేయాలంటే ముందు ఎల్లో ఓకర్, అంటే పసుపు మట్టి రంగు, పట్టండి. రెడ్ ఆక్సైడూ ఓకరూ రెండూ ఇనుము నుంచి వచ్చిన రంగులే, గొడవ లేకుండా కలుస్తాయి. అది చాలకపోతే నేపుల్స్ ఎల్లో అనే లేత పసుపు రంగు కలపండి.

ఇక ఆరితే మారడం గురించి. తడి ఉన్నంతసేపు రంగు రేణువుల మధ్య నీళ్ళు నిండి ఉంటాయి, ముదురు రంగు లోతుగా కనిపిస్తుంది. నీళ్ళు పోయాక పైభాగం గరుకై వెలుతురును చెదరగొడుతుంది, అందుకే ముదురు తేలుతుంది. మీ దగ్గరున్న ప్రతి రంగునూ ఒక పట్టీగా వేసి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ పట్టీని ఎదురుగా పెట్టుకుని బొమ్మ వేయండి. తడి రంగును నమ్మొద్దు.

బోర్డు_రాతలు (అనంతపురం):
మాస్టర్ గారికి నమస్కారం. కానీ తెలుపు మానేస్తే అది గువాష్ ఎందుకైతాది సార్? కింద రంగును కప్పడమే కదా దాని పని. ఫ్లెక్సీలు రాకముందు నేను అంగళ్ళకు బోర్డులు రాసినోణ్ణి. ముందు పోస్టర్ కలర్‌తో కాగితం మీద నమూనా వేసి షావుకారికి చూపిస్తాంటి. తెలుపు లేకుండా ఒక్క లేత రంగు కలిపింది లేదు.

చెల్లెమ్మా, నీకు కావాల్సినదానికంటే ఇంకో మెట్టు లేతగా కలుపు. ఆరినాక దిగి నీ రంగు కాడికే వస్తాది. తెలుపులో ముందే చిటికెడు పసుపు రంగు కలిపి పెట్టుకో, గులాబీకి తిరగదు. మా ఊరి మే ఎండలో చిత్తుకాగితం మీద గీస్తే చూస్తాండగానే ఆరిపోతాది, పరీక్ష చేసుకునేదానికి ఎంతసేపు? ఇంకోమాట. మాస్టర్ గారు చెప్పిన నేపుల్స్ ఎల్లో ట్యూబు వెనక చదువు. చానా కంపెనీల దాంట్లో తెల్లరంగు కలిపే ఉంటాది.

నల్లమల_చుక్క:
హెయిర్ డ్రయ్యర్ పట్టండి, ఆరిన రంగు ఏందో అప్పుడే తెలుస్తుంది.

హంద్రీ_మాస్టర్:
నేపుల్స్ ఎల్లోలో ఉండే తెలుపు తయారుచేసేవాళ్ళు కొలిచి కలిపింది. పిల్లలు చేతికొచ్చినంత పిండేది కాదు. రెండింటికీ తేడా ఉంది.

అసలు సంగతి, ఆమె అడిగింది గువాష్ గురించి. మీరు చెప్తున్నది పోస్టర్ కలర్ గురించి. మంచి గువాష్‌లో రంగు పొడే చిక్కగా ఉంటుంది, ఆ చిక్కదనంతోనే కప్పుతుంది. చవక రంగుల్లో కప్పడానికి సుద్దపొడి పోస్తారు. బెరైటీస్ పోసేవీ ఉన్నాయి, అంటే మంగంపేటలో తవ్వే ముగ్గురాయి లాంటిదే. ముందే తెల్లపొడి ఉన్న రంగులో మళ్ళీ తెలుపు పోస్తే ఆరినాక సున్నం తేలక ఏం తేలుతుంది?

పెన్నా_గీతలు:
నావి ట్యూబులే సార్. వెనక ఏ రంగు పొడి వాడారో చెప్పే కోడ్ ఉంది, తెలుపుకు పీడబ్ల్యూ 6, ఎరుపుకు పీఆర్ 101 అని. ఇద్దరూ చెప్పినట్టు పట్టీలు వేసి ఆరబెట్టాను. ఓకర్ కలిపింది వెచ్చగానే ఉంది, కానీ నారింజ వైపు పోయింది, అంచు మెరవలేదు. పసుపు చేర్చిన తెలుపు కలిపింది మెరిసింది, కానీ నీడ పక్కన పెడితే పొడిపొడిగా ఉంది. ఇంకో ఇబ్బంది, ఆరిన ఎరుపు మీద ఇంకో పొర వేస్తే కిందిది కరిగి పైకొస్తోంది. అది ఆపేదెట్లా?

తుంగభద్ర_నీలం (కర్నూలు):
జింక్ వైట్ వాడి చూడండి. టైటానియం అంత బలం ఉండదు, రంగును అంతగా అణచదు. కప్పడం మాత్రం తక్కువే.

బోర్డు_రాతలు:
సార్, పోస్టర్ కలర్ గువాష్ కాదన్న మాట నాకు కొత్త కాదు. ఒక చిత్రప్రదర్శనకు లేపాక్షి నంది బొమ్మ ఎత్తుకుని పోయినా. బల్ల దగ్గర కూర్చున్నాయన దేంతో వేసినావని అడిగినాడు. పోస్టర్ కలర్ అన్నా. బొమ్మ మీద చుట్టిన కాగితం గూడా విప్పలేదు, పిల్లోళ్ళ రంగులతో వేసినవి తీసుకోమన్నాడు. నా నీడలు తప్పు అనింటే విని ఉందును. ఆయన నా బొమ్మే చూడలేదు.

జిగురుతో పట్టుకుంటాది, నీళ్ళు పడితే మళ్ళీ కరుగుతాది, ఆరితే రంగు మారుతాది, మందంగా పూస్తే పగులుతాది. రెండింటికీ ఇదే గుణం. సుద్ద ఎంత, రంగు ఎంత అనేదే తేడా. ఆ పాటి దానికి వేరే కులం అంటగడితే ఎట్ల?

హంద్రీ_మాస్టర్:
నేను కులం అనలేదు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్తాను. మా అక్క కూతురి పెళ్ళికి ఒక బొమ్మ వేసిచ్చాను. కొండారెడ్డి బురుజు, వెనక సాయంత్రపు ఆకాశం. ఆకాశానికి మెరిసే గులాబీ రంగులో తెలుపు కలిపి పలచగా పరిచాను. వాళ్ళు హాల్లో తూర్పు కిటికీ ఎదురుగా తగిలించారు. చూస్తుండగానే ఆకాశం తెల్లబోయింది. బురుజు ఉంది, సాయంత్రం లేదు. ఆ డబ్బా మీద ఏ రంగు పొడి వాడారో ఒక్క అక్షరం లేదు. మెరిసే గులాబీలు చాలావరకు అద్దకపు రంగులు, వెలుతురుకు ఆగవు. తెలుపు కలిపి లేత చేస్తే ఇంకా త్వరగా పోతాయి, ఎందుకంటే అక్కడ ఉన్న రంగే కొంచెం. అందుకే తెలుపు దగ్గర నాకు భయం.

బోర్డు_రాతలు:
పోయింది గులాబీ సార్. ఈ పాప వాడేది ఎర్రమట్టి రంగు. పీఆర్ 101 అంటే ఇనుము తుప్పు రంగే. దాంట్లో ఎంత తెలుపు పోసినా ఎండకు పోదు. లేపాక్షి పైకప్పున ఎరుపు 16వ శతాబ్దం నుంచి ఉండాది. గులాబీ చేసిన తప్పుకు ఎరుపుకు శిక్ష వేస్తాండారు మీరు.

నల్లమల_చుక్క:
లేపాక్షిది సున్నపు గార మీద వేసిన బొమ్మ, కాగితం మీద గువాష్ కాదు. పోల్చకండి.

బోర్డు_రాతలు:
రంగు మట్టి గురించి చెప్తాండా, గార గురించి కాదు.

హంద్రీ_మాస్టర్:
సరే, ఈమె ఎరుపు పోదు, ఒప్పుకుంటాను. కానీ ఈ మాటలు చదివే పిల్లలు రేపు ఏ డబ్బా కొంటారో ఆ డబ్బాలో తెలుపు పోస్తారు. వాళ్ళకు ముందు చెప్పాల్సింది ఏ రంగు నిలుస్తుంది, ఏది నిలవదు అని. నిలవని రంగుతో నేర్పడం నాకు ఇష్టం లేదు.

బోర్డు_రాతలు:
ఇప్పుడు తేలింది అసలు మాట. నిలవడం గురించేనా సార్ ఇదంతా? మా బోర్డులు దసరాకు దసరాకు మళ్ళీ రాస్తాంటిమి. ఎండకు పోతాదని తెలిసే రాస్తాంటిమి. మేం చేసింది పని కాదా? సర్కారు బడి పిల్లోడు ఆరు సీసాల డబ్బా కొనుక్కుంటే వాని చేతికి ఏం తెలియాల? పసుపులో నలుపు పడితే ఆకుపచ్చ వస్తాదని తెలియాల. నీలంలో ఎర్రమన్ను కలిపితే బూడిదరంగు వస్తాదని, ఆరితే ఎంత దిగుతాదని తెలియాల. వాని బొమ్మ నూరేండ్లు ఉండాల్సిన పని లేదు.

హంద్రీ_మాస్టర్:
ఉండాల్సిన పని ఉంది. పేదవాడు కాబట్టి వెలిసిపోయే రంగు చాలు అంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే అన్నిటికంటే చవక రంగులే అన్నిటికంటే గట్టివి. మట్టి రంగులు. బేతంచెర్ల దిక్కు పసుపు మన్ను తవ్వి తీస్తారు. ఆ పొడిని తుమ్మజిగురు నీళ్ళలో నూరితే రంగు తయారు. పిల్లలకు మెరిసే గులాబీ కొనిపెట్టడం కంటే ఇది మేలు.

బోర్డు_రాతలు:
నూరనీండి, నేనొద్దనను. కానీ ఎనిమిదో తరగతి పిల్లోడు ముందు రంగులో మునగాల. గులాబీ చూస్తే వానికి చెయ్యి ఆగదు. ఆ చెయ్యిని ఆపి, నూరుకో, పట్టీ వెయ్యి, ఆరనియ్యి అంటే రెండోరోజు క్లాసుకు రాడు. ఆ పిల్లోడు బొమ్మలు మానేస్తే నిలిచే రంగు ఎవరికి సార్?

తుంగభద్ర_నీలం:
ఇద్దరూ పెద్దవాళ్ళు. ఆ అమ్మాయి పొరల గురించి అడిగి చాలాసేపైంది.

పెన్నా_గీతలు:
అవునన్నా, అది ఇంకా ఎవరూ చెప్పలేదు. ఎండ పడే బండకంతా ఎరుపులో ఓకర్ కలిపి వేస్తున్నాను. అంచుల మీద మాత్రమే పసుపు కలిపిన తెలుపు చేర్చుతాను. కానీ అంచు వేసేటప్పుడే కింద రంగు లేస్తోంది.

బోర్డు_రాతలు:
కింది పొర పలచగా వేసి పూర్తిగా ఆరనియ్యి చెల్లెమ్మా, చేత్తో తాకితే చల్లగా ఉండకూడదు. పైదానికి నీళ్ళు తగ్గించు, రంగు గట్టి పెరుగంత చిక్కగా ఉండాల. బ్రష్ గుడ్డకు ఒత్తి, ఒక్కసారి లాగి చెయ్యి తీసెయ్. రెండోసారి రుద్దినావంటే లేస్తాది. చిక్కగా అన్నానని గుట్ట పెట్టొద్దు, పగులుతాది.

హంద్రీ_మాస్టర్:
ఇందులో నాకు పేచీ లేదమ్మా, ఆయన చెప్పినట్టే చేయండి. అయ్యాక వార్నిష్ మాత్రం కొట్టొద్దు, రంగులన్నీ ముదిరిపోతాయి. బొమ్మకూ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డుతో ఎడం పెట్టి కట్టించండి. బోర్డు_రాతలు గారూ, పిల్లల సంగతి నేను వదల్లేదు. ఆ ఆరు సీసాల డబ్బా ఇప్పుడు మీ దగ్గర ఉంటే గులాబీ సీసా మీద ఏం రాసి ఉందో ఇక్కడ పెట్టండి.

బోర్డు_రాతలు:
పెడతా సార్. ఆ గులాబీ పట్టీ ఒకటి కిటికీకి కట్టి, ఎన్నాళ్ళకు పోతాదో గూడా చూపిస్తా. దాని పక్కనే మీ పసుపు మన్ను కూడా కడతా, తెలుపు కలిపి.