అండర్‌ఫ్లోర్ హీటింగ్ మీద వేసిన టైల్స్ పగిలాయి: కారణం తేల్చుకోవడం ఎలా?

గోదారి గట్టు (రెడింగ్, ఇంగ్లండ్):
ఇంటిని వెనుక వైపు పొడిగించి పాత వంటగదిని కొత్త గదితో కలిపినప్పుడు, నేల కింద వేడినీటి గొట్టాలు పరిపించి, వాటి మీద ఆన్‌హైడ్రైట్ స్క్రీడ్ (నేలను చదును చేసే జిప్సం రకం పొర) పోయించి, పెద్ద పోర్సిలిన్ టైల్స్ వేయించాము. రెండూ కలిసిన గది ఎల్ ఆకారంలో ఉంటుంది; పొడవు వైపు సుమారు 9 మీటర్లు. మొదటి చలికాలంలో హీటింగ్ పెట్టిన కొద్ది వారాలకే, పాత గోడ మూల దగ్గర మొదలైన సన్నని పగులు గ్రౌట్ (పలకల సందుల్లో నింపే మసాలా) గీతలతో నిమిత్తం లేకుండా నాలుగు పలకలను కోసుకుంటూ తోట తలుపు వైపు సాగింది. బిల్డరు టైల్స్ నాసిరకమంటున్నారు, టైల్స్ వేసినవారు హీటింగ్ అతిగా పెట్టారంటున్నారు, హీటింగ్ అమర్చినవారేమో స్క్రీడ్‌దే తప్పంటున్నారు. పలకలు మార్పించే ముందు అసలు కారణం తెలుసుకోవాలని ఉంది. ఇలాంటి అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

నల్లరేగడి (బర్మింగ్‌హామ్, ఇంగ్లండ్):
మీరు చెప్పినవాటిలో అన్నిటికంటే పనికొచ్చేది పగులు నడిచిన దారి. పలకలోనే లోపముంటే పగులు ఆ పలకతో ఆగిపోతుంది. గ్రౌట్‌ను దాటి నాలుగింటిని ఒకే గీతలో కోసిందంటే, కదలిక కింది పొరలో పుట్టి పైకి వచ్చిందన్నమాట. అందులోనూ ఎల్ ఆకారపు గదిలో లోపలికి పొడుచుకొచ్చిన గోడ మూల దగ్గరే స్క్రీడ్ మీద ఒత్తిడి పోగవుతుంది; పగులు అక్కడే మొదలవడం నాకు ఆశ్చర్యంగా లేదు.

చిన్న లెక్క చూడండి. స్క్రీడ్ ఒక డిగ్రీ వేడికి మీటరుకు ఇంచుమించు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. అది 15 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు వేడెక్కితే 9 మీటర్ల పొడవున దాదాపు 1.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది, పోర్సిలిన్ మాత్రం అదే వేడికి 1 మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఆగిపోతుంది. ఈ తేడాను ఎక్కడో ఒకచోట వదిలిపెట్టాలి కాబట్టే, వేడి నేలల్లో ఒక్కో భాగం 40 చదరపు మీటర్లనూ, దాని అంచు 8 మీటర్లనూ మించకుండా కదలిక కోసం జాయింట్లు ఇవ్వాలని బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5385 చెబుతుంది. మీ గది పొడవు ఆ హద్దు దాటింది. గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పట్టీ ఒకచోట ఊడదీసి గోడకూ టైల్స్‌కూ మధ్య ఖాళీ ఉందో, గ్రౌట్‌తో బిగించేశారో చూడండి. పాత గదికీ కొత్త గదికీ థర్మోస్టాట్లు వేరువేరా?

పాలమూరు పిల్లోడు (న్యూజెర్సీ, అమెరికా):
మాది ఇందుకు భిన్నమైన కథ. మేడ మీది స్నానాల గదిలో ప్లైవుడ్ పైన కరెంటు హీటింగ్ మ్యాట్ పరిచి టైల్స్ వేయించాము. పగుళ్లు రాగానే అందరూ హీటింగ్‌నే తప్పుపట్టారు, కానీ మ్యాట్ వాడని ఎండాకాలంలోనూ కొత్త పగుళ్లు వస్తూనే ఉన్నాయి. పగుళ్లన్నీ కింది చెక్క దూలాలకు సమాంతరంగా ఉన్నాయని గమనించిన ఒక పనివాడు, దూలాలు బరువుకు వంగుతున్నాయని తేల్చాడు. మల్టీమీటరుతో కొలిచిన వైరు రెసిస్టెన్స్ లేబుల్ మీది అంకెతో సరిపోవడంతో మ్యాట్ తెగలేదనీ తెలిసింది. మీది కింది అంతస్తు కాబట్టి దూలాల ప్రశ్న రాదు గానీ, హీటింగ్ లేని నెలల్లో పగులు పెరిగిందో లేదో తప్పక చూసుకోండి.

కొండపల్లి బొమ్మ (స్టుట్‌గార్ట్, జర్మనీ):
ఆన్‌హైడ్రైట్ అన్నారు కాబట్టి ఇంకో రెండు విషయాలు అడగాలి. ఈ స్క్రీడ్ ఆరాక పైన పాలపొర లాంటి బలహీనమైన పొర మిగులుతుంది. దాన్ని సానపట్టకుండా, ప్రైమర్ కొట్టకుండా సిమెంటు అడ్హెసివ్ నేరుగా రాస్తే, తేమ ఉన్నచోట జిప్సం, సిమెంటు కలిసి ఎట్రింగైట్ అనే స్ఫటికాలు పెరిగి అడ్హెసివ్‌ను నేల నుంచి తోసేస్తాయి. అప్పుడు పలకలు పగలడం కంటే ముందే ఊడి, డొల్లగా మోగుతాయి. స్క్రీడ్‌లో తేమ 0.5 శాతం కంటే తగ్గాకే టైల్స్ వేయాలి.

రెండోది, టైల్స్ వేయకముందే నేలను ఒకసారి నెమ్మదిగా వేడెక్కించి చల్లార్చారా అన్నది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1264 ప్రకారం ఆన్‌హైడ్రైట్ పోసిన కనీసం 7 రోజులకు, సిమెంటు స్క్రీడ్ అయితే 21 రోజులకు ఈ పని మొదలుపెట్టి, 20 నుంచి 25 డిగ్రీల నీటితో 3 రోజులు, ఆ తర్వాత గరిష్ఠ వేడితో 4 రోజులు నడపాలి. స్క్రీడ్‌కు పగిలే యోగముంటే అప్పుడే పగిలి, టైల్స్ వేయకముందే కంటబడుతుంది. ఇక్కడ దీనికి సంతకాలతో కూడిన రికార్డు ఇస్తారు. మీవాళ్ల దగ్గర అలాంటి కాగితం ఉంటే ముగ్గురి వాదనల్లో కనీసం ఒకటి తేలిపోతుంది. మళ్లీ వేసేటప్పుడు కింద డీకప్లింగ్ మ్యాట్ (నేల కదలిక పలకలకు అందకుండా మధ్యలో వేసే పొర) వేయించండి.

టైల్స్ మేస్త్రీ (కూకట్‌పల్లి, హైదరాబాదు):
సార్, ఇక్కడ మాకు హీటింగ్ పని రాదు గానీ, ఎండకు కాగే డాబాల మీద ఇదే బాధ చూస్తుంటాము. గోడ పక్కన ఖాళీ వదలకపోతే పలకలు గుడారంలా పైకి లేస్తాయి. ముందు చెక్క పిడితో పలకలన్నీ మెల్లగా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. తర్వాత పగిలిన పలక ఒకటి లేపించి వెనుక వైపు చూడండి. మధ్యలో ఒకటి, మూలల్లో నాలుగు ముద్దలు పెట్టి అతికించి ఉంటే మూలలు విరగడం ఖాయం. పలక వెనుక వైపు శుభ్రంగా ఉండి అడ్హెసివ్ మొత్తం నేలకే ఉండిపోతే, అది పైన ఆరిపోయాక పలక పెట్టారని అర్థం.

గోదారి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. మేస్త్రీ గారు చెప్పినట్టు తట్టి చూస్తే ఎక్కడా డొల్ల లేదు. రెండు పలకలు లేపించాము. అడ్హెసివ్ పలకకూ నేలకూ నిండుగా పట్టి ఉంది, పగులు స్క్రీడ్‌లో సరిగ్గా కిందనే కనిపిస్తోంది. పగులుకు ఇరువైపులా నేల ఒకే ఎత్తులో ఉంది. వేడెక్కించిన రికార్డు ఎవరి దగ్గరా లేదు. నల్లరేగడి గారూ, థర్మోస్టాట్లు రెండు; పాత భాగాన్ని తక్కువగా, కొత్త భాగాన్ని ఎక్కువగా వాడుతున్నాము. స్క్రీడ్ మాత్రం ఒకే పోతగా పోశారు, మధ్యలో జాయింట్ లేదు.

నల్లరేగడి:
అయితే దాదాపు తేలినట్టే. ఒకే పోతలో ఒక సగం వేడిగా, ఇంకో సగం చల్లగా ఉన్నప్పుడు ఆ సరిహద్దులోనే జాయింట్ ఉండాలి. మీరు ఇవ్వని జాయింట్‌ను స్క్రీడ్ తనే చేసుకుంది. ఎత్తు తేడా లేదు కాబట్టి కింది ఇన్సులేషన్ కుంగలేదు. పగులుకు అటూ ఇటూ పెన్సిలు గుర్తులు పెట్టి, హీటింగ్ ఆపినప్పుడూ నడుస్తున్నప్పుడూ దూరం కొలవండి. కదలకపోతే రెసిన్‌తో పూడ్చవచ్చు. కదులుతుంటే పూడ్చినా ప్రయోజనం లేదు, పక్కనే ఇంకోటి వస్తుంది. ఆ గీత మీదనే టైల్స్‌లోనూ జాయింట్ వచ్చేలా పలకలు కోయించి సిలికాన్ నింపించండి. కొండపల్లి గారు చెప్పిన మ్యాట్ మంచిదే, కానీ కదిలే జాయింట్ మీద అడ్డంగా టైల్స్ వేసుకోవడానికి అది అనుమతి కాదు. స్క్రీడ్ కోయాల్సివస్తే ముందు థర్మల్ కెమెరాతో గొట్టాల దారి గీయించుకోండి.

కొండపల్లి బొమ్మ:
ఆ మాట ఒప్పుకుంటాను. పని జరిగేటప్పుడు హీటింగ్ ఆపి ఉంచండి. అడ్హెసివ్, గ్రౌట్ పూర్తిగా ఆరాక మాత్రమే మొదలుపెట్టి, నీటి వేడిని రోజుకు 5 డిగ్రీలకు మించకుండా, రెండు భాగాల్లోనూ కలిపి పెంచండి.