అప్‌డేట్: సర్టిఫైడ్ సెకండ్ హ్యాండ్ కారు, గేర్‌బాక్స్ వారంటీ గొడవ

కొన్న నెలకే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కుదుపులు ఇస్తోందని, డీలర్ ‘అరుగుదల, వారంటీలో రాదు’ అంటున్నాడని అప్పుడు అడిగాను కదా. మొత్తానికి తేలింది.

మీలో ఒకరు చెప్పినట్టు వారంటీ పుస్తకం మళ్లీ చదివాను. అరుగుదల కింద మినహాయించింది క్లచ్ ప్లేట్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లే. గేర్‌బాక్స్ కవర్ అయ్యే వాటిలోనే ఉంది! పైగా డీలర్ ఇచ్చిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టులోనే గేర్‌బాక్స్ ఎదురుగా ‘బాగుంది’ అని టిక్కు. బయట మెకానిక్‌తో లోపం రాయించుకుని, అన్నీ జతచేసి మెయిల్ పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఫోన్లో మాత్రం ‘చూస్తాం సార్’.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాక కదలిక వచ్చింది. సగం ఖర్చు భరిస్తామన్నారు, ఒప్పుకోలేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనుండే హైదరాబాద్‌లోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చని, కారు 4.8 లక్షలే కాబట్టి (5 లక్షల వరకు) ఫీజు కూడా ఉండదని లాయర్ నోటీసులో రాయించాను. తొమ్మిదో రోజున కారు తీసుకెళ్లారు.

రిపేరు ఉచితం. గేర్ ఆయిల్ డబ్బులు మాత్రం నాతోనే కట్టించారు, పిసినారులు. ఆర్‌సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంది, రేపు దాని సంగతి చూడాలి.