మారతహళ్లిలో అమ్మానాన్నలను భోజనానికి ఎక్కడికి తీసుకెళ్లాలి?

వచ్చే ఆదివారం అమ్మ, నాన్న ఒంగోలు నుంచి బెంగళూరు వస్తున్నారు. మారతహళ్లిలో మా ఇంటి దగ్గరే ఒక ఆంధ్రా రెస్టారెంట్ ఉంది. అక్కడికి తీసుకెళ్లాలా వద్దా అని నా టెన్షన్.

మొదటిసారి వెళ్లినప్పుడు అరిటాకు వేసి, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి కొసరి కొసరి వడ్డించారు. పోయిన నెల వెళ్తే 40 నిమిషాలు నిలబెట్టారు. సాంబారు చల్లారిపోయింది, పైగా తియ్యగా ఉంది! (మా నాన్నకి తియ్యటి సాంబారు పోస్తే విస్తరి ముందు నుంచి లేచిపోతారు.) బిల్లులో 5 శాతం జీఎస్టీ కాక 10 శాతం సర్వీస్ ఛార్జ్ కూడా వేశారు. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లే కలపకూడదని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది కదా అంటే, "అందరూ ఇస్తారు సార్" అన్నాడు మేనేజర్. గొడవెందుకని కట్టేశాను.

ఆదివారం ఎన్నింటికి వెళితే తొందరగా టేబుల్ దొరుకుతుంది? లేక రెసిడెన్సీ రోడ్డులోని నాగార్జున రెస్టారెంట్ దాకా వెళ్లడమే నయమా? నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. సర్వీస్ ఛార్జ్ తీయించుకున్నవాళ్లు ఎలా అడిగారు? 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే పని జరిగిందా?