మిర్చి కళ్లం ఫోటో: బ్లాక్ అండ్ వైట్ చేస్తే బాగుపడిందా, చెడిందా?

పల్నాడు క్లిక్స్:
గుంటూరు పక్కన ఒక మిర్చి కళ్లంలో ఫిబ్రవరిలో తీసింది. ఎండబోసిన కాయల మధ్య ఓ పెద్దావిడ గొంతుక్కూర్చుని తాలుకాయలు (రంగు లేక తెల్లబడ్డ కాయలు) ఏరుతోంది. కలర్‌లో ఎరుపు కళ్లలో పొడిచేస్తోంది, చూపు మనిషి మీదికి పోవట్లేదు. అందుకే బ్లాక్ అండ్ వైట్ చేశా. క్లబ్ ఎగ్జిబిషన్‌కి పంపుదామనుకుంటున్నా, పేరు ‘బతుకు పోరు’. మొహమాటం లేకుండా చెప్పండి.

డార్క్‌రూమ్ తాత:
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా. ఇది బ్లాక్ అండ్ వైట్ ఫోటో కాదు, రంగు పీకేసిన కలర్ ఫోటో. మేం ట్రై-ఎక్స్ అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము రోలు వేసేటప్పుడు ఉన్నవి 36 ఫ్రేములే. ఎరుపు ఏ బూడిదరంగులో పడుతుందో ముందే లెక్కేసుకుని, కావాలంటే పసుపు ఫిల్టరో ఎర్ర ఫిల్టరో బిగించి అప్పుడు నొక్కేవాళ్లం. ఇంకోటి, ఎడమవైపు క్రాప్ చేశారు, అంటే అంచు కోసేశారు. ఎందుకు?

ఐఎస్ఓ 6400:
తాత వచ్చేశారు. ఇక ఈ రాత్రికి నిద్ర లేదు.

వెలుగునీడ:
తాతగారూ, ముందే లెక్కేసుకోవడం ఇప్పుడు మాత్రం ఎక్కడికి పోయింది? కెమెరాలో మోనోక్రోమ్ పెట్టి రా ఫైలు (కెమెరా పట్టిన సమాచారమంతా ఉండే ఫైలు) తీస్తే తెరమీద నలుపు తెలుపే కనిపిస్తుంది, రంగులన్నీ ఫైల్లో భద్రంగా ఉంటాయి. జేపెగ్ ఒక్కటే తీస్తేనే రంగు పోయేది.

అసలు బూడిదరంగు ఎప్పుడూ ఎవరో ఒకరు నిర్ణయించిందే. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద తీసిన కాలంలో వాటికి నీలం ఎక్కువ తగిలేది, ఎరుపు దాదాపు తగిలేదే కాదు. అందుకే ఆ నాటి ఫోటోల్లో ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది, ఎర్రబట్ట నల్లగా వస్తుంది. ఇప్పుడు మామూలు గ్రే మార్పిడిలో ఆకుపచ్చకి దాదాపు 59 శాతం, ఎరుపుకి 30, నీలానికి 11 విలువ కడతారు. అలా వదిలేస్తే పండుకాయ, పచ్చటాకు ఒకే మసక బూడిదలో కలిసిపోతాయి. కాబట్టి ఎడిటింగ్‌లో ఒక్కో రంగు వెలుగు పెంచి తగ్గించే స్లైడర్లు కదపక తప్పదు. ఏ వైపు కదిపారన్నదే ప్రశ్న.

డార్క్‌రూమ్ తాత:
క్రాప్ సంగతి ఎవరూ చెప్పలేదు.

పల్నాడు క్లిక్స్:
ఎరుపు, నారింజ స్లైడర్లు బాగా కిందికి లాగానండీ. కాయలు నల్లబడితేనే తాలుకాయలు తెల్లగా తేలతాయి, ఆవిడ ఏం ఏరుతోందో తెలుస్తుంది. ఎడమవైపు బైకు, దానిమీద వాటర్ క్యాన్ ఉన్నాయి. చూపు చెదురుతోందని తీసేశా.

డార్క్‌రూమ్ తాత:
చూపు చెదిరితే నాలుగడుగులు పక్కకి జరగాలి. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియర్-బ్రెసన్ క్రాప్ చేయనిచ్చేవాడే కాదు.

వెలుగునీడ:
1932లో ఆయన పారిస్‌లో సెంట్ లజార్ స్టేషన్ వెనక తీసిన ఫోటో, నీళ్లమీద మనిషి దూకుతున్నది, క్రాప్ చేసిందే. కంచె సందులోంచి తీశాడు, ఆ అడ్డం కోసేశాడు.

డార్క్‌రూమ్ తాత:
అది కంచె. ఇది బద్ధకం. కంచెకి కాళ్లుండవు, మీకున్నాయి. ఇప్పుడు అందరూ యాభై నొక్కి, ఇంటికెళ్లి ఏసీలో కూర్చుని కంపోజిషన్ చేస్తున్నారు. మా క్లబ్బులో నేను ఏమీ కోయలేదని తెలిసేలా నెగటివ్ నల్ల అంచుతో సహా ప్రింటు పెడితే “పాతవాసన” అని పక్కన పెట్టి, ఫోన్‌లో కోసిన దానికి బహుమతి ఇచ్చారు.

ఐఎస్ఓ 6400:
ఓహో, అదన్నమాట సంగతి.

కళ్లం పిల్ల:
స్లైడర్ల గురించి నేనూ ఒకటి అడుగుతా. నారింజ కిందికి లాగితే కాయలొక్కటే నల్లబడవు. మన ఒంటిరంగు కూడా ఆ నారింజలోనే ఉంటుంది. ముఖం నల్లబడుతుంది, ప్రతి ముడతా చెక్కినట్టు లేస్తుంది. ఆవిడకి పదేళ్లు పెంచారు మీరు.

పల్నాడు క్లిక్స్:
అది టెక్స్‌చర్. బ్లాక్ అండ్ వైట్‌లో అందమే అది.

వెలుగునీడ:
ముఖానికి విడిగా మాస్క్ వేసి (ఆ భాగం వరకే ఎంచుకుని) నారింజ పైకి లేపొచ్చు కదా? కాయలు అలాగే ఉంటాయి.

పల్నాడు క్లిక్స్:
లేపితే ముఖం నున్నగా వస్తుంది, మూడ్ పోతుంది. ఆవిడకి లేని బాధ మీకెందుకు? ఆవిడే తీయమంది. తర్వాత ఫ్రేముల్లో ఒంటిమీది మొగుడి చొక్కా గుండీ సర్దుకుని పకపకా నవ్వుతోంది కూడా. అవి నాకు పనికిరావు.

కళ్లం పిల్ల:
ఎందుకు పనికిరావు?

బైకు కోసేశారు. ముఖం నల్లబరిచారు. నవ్విన ఫ్రేములు పక్కన పడేశారు. పైగా ‘బతుకు పోరు’ అని పేరు. మా అమ్మ ఏళ్ల తరబడి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసింది. ఇంటికొచ్చి చేతులకి నూనె రాసుకున్నా రాత్రంతా మంటే, ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదు. ఆ కష్టం నాకు తెలుసు, దాచమనట్లేదు. కానీ ఒకాయన వచ్చి మా అమ్మని ఇలాగే నల్లగా తీసి ‘ఆకలి’ అని గోడకి తగిలించాడు. మా మేనత్త చూసి ఫోన్ చేసింది, “అన్నం కూడా తినట్లేదా వదినా” అని. అమ్మ ఆ రోజు పొద్దున్నే కోడికూర తిని పనికెళ్లింది. ఊళ్లో అందరికీ ఏమని చెప్పుకోవాలి?

డార్క్‌రూమ్ తాత:
అందుకే అన్నా, బైకు ఉంచాల్సింది.

పల్నాడు క్లిక్స్:
తాతగారూ, మీరు అందుకు అనలేదు.

అమ్మా, మీ అమ్మగారి ఫోటో నేను తీయలేదు. కష్టాన్ని కష్టంగా చూపిస్తే తప్పంటే ఇక పూలు, పిట్టలు తీసుకుంటూ కూర్చోవాలి.

వెలుగునీడ:
ఫోటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ జీవితమంతా కలర్‌లోనే తీశారు. ఆ బొమ్మల్లో కష్టం లేదా? పైగా ఇక్కడ ఆవిడ చేసే పనే రంగు చూసి కాయని వేరుచేయడం. కలర్‌లో కాయలు ముదురు ఎరుపుకి దించి చూడండి, చూపు ముఖం మీదికే వస్తుంది.

పల్నాడు క్లిక్స్:
చూశా. క్యాలెండర్‌లా ఉంది.

కళ్లం పిల్ల:
బ్లాక్ అండ్ వైట్‌లోనే పంపండి, నాకేం పోయింది. నవ్విన ఫ్రేము పంపండి. లేదా దీన్నే పంపి, పేరు తీసేసి ‘తాలుకాయలు ఏరుతున్న మనిషి, గుంటూరు’ అని రాయండి. ‘బతుకు పోరు’ అని పంపితే ఈ చర్చ లింకు మీ క్లబ్బుకి నేను పంపుతా.

పల్నాడు క్లిక్స్:
పంపుకోండి. గడువు శుక్రవారం.